ధనూరాశి దిశగా రేడియో చూపు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



విజ్ఞానశాస్త్రానికి సంబంధించిన విషయమేదైనా మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. నేను ఎంచుకొన్నది పాలపుంత కేంద్రం దిశలో కనిపించే రేడియో జనకాల సర్వేక్షణ. రేడియో తరంగాలను వెలువరించే ఆకాశ వస్తువును రేడియో జనకం అంటాము. ధారావిలో నిలబడి ఇంత దూరపు సంగతి ఎందుకయ్యా అని మీకు తోచవచ్చు. నా కారణాలు రెండు. మన దేశంలో ఈ శాస్త్రం వేళ్లూనుకొన్నది ఈ నగరంలోనే, మన శీవ్ స్టేషనులో ఎక్కిన లోకల్ బండి చేరుకొనే కల్యాణ్‌లోనే. ఇక రెండవది, ఈ శాస్త్రంలో ఒక చిక్కు ఉన్నది. ఆ చిక్కు కామాటిపురా సందులలో, ధారావి గల్లీలలో పెరిగినవారికి తక్కినవారికంటె త్వరగా బోధపడుతుందని నా నమ్మకం. దాని వద్దకు నెమ్మదిగా వస్తాను.

మన చాళ్ల మధ్య ఆకాశం ధోవతి అంచంత వెడల్పు. అందులో పాలపుంత కనబడదు. వేసవి సెలవులలో కరీంనగర్, నల్లగొండ, పాలమూరు జిల్లాలలోని స్వగ్రామాలకు వెళ్లి ఆరుబయట మంచాలు వేసుకొని పడుకొన్నవారు మాత్రం వేకువజామున దక్షిణపు దిక్కున దానిని చూసి ఉంటారు. వృశ్చికం తోక వద్ద మూలా నక్షత్రం, దానికి తూర్పున ధనూరాశిలో పూర్వాషాఢ. ఈ రెంటి నడుమ పాలపుంత మిక్కిలి దట్టంగా ఉంటుంది. ఆ దిశలోనే, సుమారు 26 వేల నుంచి 27 వేల కాంతి సంవత్సరాల దూరాన, మన గెలాక్సీ నడిబొడ్డు ఉన్నది. అయితే దానిని ఏ ఊరి నుంచి చూసినా, ఎంతటి అద్దాల దూరదర్శినితో చూసినా మామూలు కాంతిలో కనబడదు. దారిలో పరచుకొన్న ధూళి అడ్డు. అక్కడి నుంచి బయలుదేరిన కాంతిలో మనకు చేరేది లక్ష కోట్లలో ఒక్క వంతు. రేడియో తరంగం పొడవు ధూళి రేణువు కంటె ఎన్నో రెట్లు పెద్దది కనుక ఆ ధూళి దానిని ఆపలేదు. బయట ముసురు పట్టినా, గదికి తలుపులు బిగించినా, మన ఇళ్లలో వివిధభారతి పాటలు వినిపించినట్లే ఇదీ.

ఈ సంగతి కనుగొన్నది ఖగోళ శాస్త్రజ్ఞుడు కాదు, టెలిఫోను సంస్థ ఇంజనీరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్ల్ జాన్‌స్కీకి అప్పగించిన పని, సముద్రాంతర రేడియో టెలిఫోనులో వినబడే గరగర ఎక్కడినుంచి వస్తున్నదో తేల్చడం. ఫోర్డు కారు చక్రాల మీద గుండ్రంగా తిరిగే యాంటెన్నా ఒకటి కట్టి, 14.6 మీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ఆయన వింటూ పోయాడు. ఉరుముల శబ్దాన్ని వేరుచేయగా సన్నని ఈల వంటి శబ్దం ఒకటి మిగిలింది. అది ప్రతిరోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తున్నది. నక్షత్రాలు కూడా రోజుకు నాలుగు నిమిషాలు ముందుగానే ఉదయిస్తాయి. కనుక ఆ శబ్దం సూర్యునిది కాదు, భూమిది కాదు. ధనూరాశి వైపునుంచి వస్తున్నదని 1933లో ఆయన ప్రకటించాడు.

తరువాతి ఘట్టం ఆస్ట్రేలియాలో జరిగింది. దానిని కొంచెం వివరంగా చెప్పాలని నా కోరిక. సిడ్నీ వద్ద డోవర్ హైట్స్ అనే సముద్రపు గట్టున జాన్ బోల్టన్, ఆయన సహచరులు 1951లో ఒక పెద్ద యాంటెన్నా కావాలనుకొన్నారు. చేతిలో డబ్బు లేదు. మధ్యాహ్న భోజన విరామాలలో పారలు పట్టుకొని ఇసుక నేలను గిన్నె ఆకారంలో తవ్వారు. ఆ గిన్నెలో లోహపు పట్టీలు పరిచారు. పై నుంచి వచ్చిన తరంగాలు గిన్నె మధ్యన నిలబెట్టిన గడ కొనకు చేరేవి. గొయ్యి కదలదు కనుక ఆకాశమే దాని మీదుగా జరిగిపోవాలి. ధనూరాశి అక్కడ నడినెత్తికి దగ్గరగా వస్తుంది కనుక ఈ ఏర్పాటు సరిపోయింది. తరువాత గోతిని 80 అడుగుల వెడల్పుకు పెంచి, 400 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద చూసి, మెక్‌గీ, బోల్టన్ 1954లో తాము పాలపుంత కేంద్రాన్నే బహుశా చూశామని వ్రాశారు. సిడ్నీలోనే పాట్స్ హిల్ అనే మరొక చోట పిడింగ్టన్, మినెట్ 1951 నాటికే ఆ జనకాన్ని గుర్తించి ఉన్నారు. 1958లో అంతర్జాతీయ ఖగోళ సంఘం గెలాక్సీ పటానికి కొత్త కొలతలు నిర్ణయించినప్పుడు సున్నా డిగ్రీ రేఖను ఈ జనకం దరిదాపులకే తెచ్చింది.

కామాటి అంటే కూలి, మట్టి పని చేసేవాడు. పద్దెనిమిదవ శతాబ్దం చివరినుంచి నిజాం సీమ వదలి వచ్చి, ఈ నగరపు కట్టడాలకు మట్టి మోసిన మన పెద్దల మూలంగానే కామాటిపురాకు ఆ పేరు వచ్చింది. పార పట్టిన చేతులతో గెలాక్సీ కేంద్రాన్ని వెదకిన కథ ఈ సభలో చెప్పకుండా ఎక్కడ చెప్పగలను?

ఇక కల్యాణ్ సంగతి. 1953లో గోవింద్ స్వరూప్ అనే యువకుడు, ఆర్. పార్థసారథితో పాటు సిడ్నీ వెళ్లి పాట్స్ హిల్‌లో పని నేర్చుకొన్నారు. అక్కడ సూర్యుని పరిశీలనకు క్రిస్టియాన్‌సెన్ నిర్మించిన ఆరడుగుల లోహపు పళ్లేలు 32 ఉండేవి. వాటి పని అయిపోయిందనిపించినప్పుడు, పాత ఇనుము క్రింద పోకుండా, మా దేశానికి ఇప్పించండని స్వరూప్ అడిగారు. ఆస్ట్రేలియా వారు దానంగా ఇచ్చారు. అవి ముందు ఢిల్లీ చేరాయి. హోమీ భాభా పిలుపుపై స్వరూప్ 1963లో బొంబాయి టాటా మూలభూత పరిశోధన సంస్థలో చేరిన తరువాత, 1965లో అవి కల్యాణ్ వద్ద నిలిచాయి. ఇరవైనాలుగు తూర్పు పడమరల వరుసలో, ఎనిమిది ఉత్తర దక్షిణాల వరుసలో. పాలపుంత కేంద్రాన్ని చూడగల శక్తి ఆ చిన్న పళ్లేలకు లేదు. అవి చూసింది సూర్యుణ్ణే. కాని స్వరూప్ బృందం చేతులు తిరిగింది అక్కడే. మనం కోలాబాలో చూసే ఆ సముద్రపు ఒడ్డు సంస్థనుంచి కల్యాణ్‌కు రోజూ లోకల్ బండిలో పోగలిగినంత దూరంలో మన రేడియో ఖగోళశాస్త్రం బాల్యం గడిచింది.

అక్కడినుంచి ఊటీ. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల దూరదర్శినిని 1970 నాటికి అక్కడి కొండవాలుపై నిర్మించారు. ఆ వాలు ఆ స్థలపు అక్షాంశానికి సమానం, అంటే సుమారు పదకొండు డిగ్రీలు. అందువలన దూరదర్శినిని ఒక్క ఇరుసు మీద త్రిప్పితే చాలు, ఆకాశం వెంట తొమ్మిదిన్నర గంటలు నడుస్తుంది. ఒంటరి దూరదర్శినికి సూక్ష్మ వివరాలు అందవు. దానికి స్వరూప్ ఎంచుకొన్న ఉపాయం చందమామ. చంద్రుడు ఒక రేడియో జనకానికి అడ్డు వచ్చినప్పుడు ఆ జనకం ఏ క్షణాన మాయమైందో, ఏ క్షణాన తిరిగి వచ్చిందో కొలిస్తే దాని స్థానం, ఆకారం తెలుస్తాయి. చంద్రబింబపు అంచు ఎక్కడ ఉన్నదో మనకు ముందే కచ్చితంగా తెలుసు కదా! పంచాంగం గుణించే మన పెద్దలకు ఈ ఆలోచన కొత్తగా తోచదు. చంద్రుడు గెలాక్సీ కేంద్రం మీదుగా పోవడం పద్దెనిమిదిన్నర ఏళ్ల చక్రంలో కొద్ది కాలమే జరుగుతుంది. 1970 ప్రాంతంలో ఆ అవకాశం వచ్చింది. ఊటీ శాస్త్రజ్ఞులు 327 మెగాహెర్ట్జ్ వద్ద దానిని జారవిడువక పరిశీలించి ఫలితాలు ప్రకటించారు.

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కు వద్దకు వస్తాను.

రాత్రి వేళ మాహిం ఖాడీ వంతెన మీద నిలబడి ధారావి వైపు చూడండి. వందల దీపాలు. వాటిలో కొన్ని ఖాడీ ఒడ్డునే ఉన్నవి. కొన్ని ధారావివి. కొన్ని దానికి అవతల ఎక్కడో కట్టిన ఎత్తయిన భవనాలవి. కంటికి అన్నీ ఒకే చోట ఉన్నట్లుంటాయి. దగ్గరి చిన్న బల్బు, దూరపు పెద్ద దీపం ఒకే వెలుగుతో కనిపిస్తాయి. పాలపుంత కేంద్రం దిశలో రేడియో పటం గీసినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆ దిశలో చుక్క కనబడినంత మాత్రాన అది కేంద్రంలో ఉన్నదని కాదు. దిశ తెలిసింది, చిరునామా తెలియలేదు. దూరం తెలియనిదే అది ఎంత పెద్దదో, ఎంత శక్తి గలదో, అసలు ఏమిటో చెప్పలేము.

చిరునామా విషయంలో మనకు అనుభవం ఉన్నది. ఉద్యోగపు దరఖాస్తులో కామాటిపురా అని వ్రాయడానికి జంకి, వర్లీలోనో పరేల్‌లోనో ఉన్న బంధువుల ఇంటి చిరునామా వ్రాసిన మా తరం వారు ఈ సభలోనూ ఉన్నారు. అటువైపు నుంచి వచ్చినవాడు అన్న ఒక్క మాటతో మనిషిని తేల్చివేసిన కార్యాలయాలను మేము చూశాము. శాస్త్రజ్ఞుడు తన పటంలోని ఒక్కొక్క చుక్క విషయంలో ఆ తొందరపాటు చేయకుండా ఉండడానికి ఏళ్ల తరబడి శ్రమిస్తాడు. ఆ శ్రమ ఎలాంటిదో రెండు మూడు ఉదాహరణలతో చెబుతాను.

కేంద్రంలోని ముఖ్య జనకానికి సాజిటేరియస్ ఎ అని పేరు. దగ్గరగా చూస్తే అందులో మూడు వస్తువులున్నవి. తూర్పు భాగం, ఒకనాడు పేలిపోయిన నక్షత్రపు శేషం. పడమటి భాగం, కాగిపోయిన వాయువు. ఆ పడమటి భాగం నడుమ చిన్న చుక్క ఒకటి. దానిని 1974 ఫిబ్రవరిలో బాలిక్, బ్రౌన్ కనుగొన్నారు. నలభై లక్షల సూర్యుల బరువు గల కృష్ణబిలం ఉన్న చోటు అది. అక్కడి నక్షత్రాల చలనాన్ని దశాబ్దాలపాటు కొలిచినందుకే గెంజెల్, గెజ్ 2020లో నోబెల్ బహుమతి పంచుకొన్నారు. సరే, తూర్పు భాగం ముందా, పడమటి భాగం ముందా? ఎక్కువ పౌనఃపున్యాల వద్ద రెండూ వెలుగుతూనే కనిపించాయి, అందువలన జవాబు దొరకలేదు. అమెరికాలోని వెరీ లార్జ్ అర్రే దూరదర్శినితో 330 మెగాహెర్ట్జ్ వద్ద చూసినప్పుడు పడమటి భాగం వెలుగుగా కాక నీడగా కనిపించింది. కాగిన వాయువు తక్కువ పౌనఃపున్యపు తరంగాలను మ్రింగివేస్తుంది. తన వెనుక ఉన్న వెలుగును మ్రింగినప్పుడే నీడ పడుతుంది. కనుక పడమటి భాగమే మనకు దగ్గర. ఒక్క నీడతో ముందు వెనుకలు తేలిపోయాయి!

ఉదజని వాయువు కూడా ఇలాగే సాక్ష్యమిస్తుంది. 1420 మెగాహెర్ట్జ్ వద్ద అది తరంగాలను శోషిస్తుంది. మనకూ కేంద్రానికీ నడుమ ఉన్న ఉదజని మేఘాలు వేరువేరు వేగాలతో కదులుతున్నవి. ఏ జనకపు వెలుగులో ఏయే మేఘాల ముద్ర పడిందో చూస్తే, ఆ జనకం ఏ మేఘం దాటి అవతల ఉన్నదో తెలుస్తుంది. ఉదజని, పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం, శోషణ. ఈ మాటలన్నీ నేను ఈ పాఠశాల నల్లబల్ల మీదనే మొదట చదివాను. పైచదువులలో ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవలసి వచ్చినప్పుడు, అర్థం ముందే తెలిసి ఉన్నందున పేరు మార్చుకోవడమే నా పని అయింది. తెలుగు మాధ్యమంలో సైన్సు ఎలా వస్తుందని సందేహించే తల్లిదండ్రులకు ఈ మాట ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

పటంలో ఎలుక అనే ముద్దుపేరు గల జనకం ఒకటి ఉన్నది. తలా, పొడవాటి తోకా ఉండడం వలన ఆ పేరు. 1987లో వెలుగులోకి వచ్చిన ఈ ఎలుక తలలో ఒక పల్సార్ ఉన్నదని 2002లో తేలింది. దూరం సుమారు 16 వేల కాంతి సంవత్సరాలు. అంటే కేంద్రం దారిలో సగం దాటిన చోట ఉన్నదే తప్ప కేంద్రంలో లేదు. దీనికి విరుద్ధంగా, పటంలోని చిన్న చుక్కలలో చాలా వాటికి మన పాలపుంతతో సంబంధమే లేదు. అవి కేంద్రానికి అవతల, కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఇతర గెలాక్సీలు. వాటినీ పనికి పెట్టుకొన్నవారున్నారు. సుభాశిస్ రాయ్, ప్రమేశ్ రావు, రవి సుబ్రహ్మణ్యన్ అటువంటి అరవై జనకాలను ఎంచుకొని, వాటి తరంగాల ధ్రువణం కేంద్ర ప్రాంతం గుండా వచ్చేటప్పుడు ఎంత మెలి తిరిగిందో కొలిచి, దారిలోని అయస్కాంత క్షేత్రాన్ని అంచనా కట్టారు.

సర్వేక్షణ అంటే ముందు విశాలంగా చూడడం. ఇది వినడానికి సులభం. వెరీ లార్జ్ అర్రే 1980లలో సేకరించిన సమాచారంతో పెడ్లార్, బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన అనంతరామయ్య మొదలైనవారు కేంద్రపు పటాలు గీశారు. కాని కేంద్రానికి దూరంగా పోయిన కొద్దీ పటం చెదిరిపోయేది. గణితం ఆకాశాన్ని బల్లపరుపుగా భావించింది. ఆకాశమేమో బోర్లించిన గిన్నె. తరువాత కంప్యూటర్లు బలపడినప్పుడు, ఆకాశాన్ని చిన్న చిన్న ముక్కలుగా లెక్కించి, మన అవ్వలు పాత చీరల ముక్కలతో బొంత కుట్టినట్లు వాటిని అతికారు. అదే పాత సమాచారం నుంచి 2000లో లారోజా, కాసిమ్ బృందం విశాలమైన కొత్త పటాన్ని తీసింది. 2004లో నార్డ్ మొదలైనవారు మరింత సూక్ష్మంగా గీసిన పటంలో 241 చిన్న జనకాల పట్టిక ఇచ్చారు. పాత కాగితాలు పారవేయకూడదని నా తల్లి అనేది. ఆమె మాట రేషను కార్డు గురించే అనుకోండి.

మన మహారాష్ట్రలోని జీఎంఆర్‌టీ ఈ రంగంలోకి వచ్చింది అప్పుడే. పుణె–నాసిక్ దారిలో నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్ గ్రామం. 45 మీటర్ల వెడల్పు గల 30 యాంటెన్నాలు. పదునాలుగు మధ్యన గుంపుగా, తక్కిన పదహారు మూడు చేతులుగా 25 కిలోమీటర్ల మేర. పళ్లెమంతా రేకు కాదు, స్టీలు తీగల వల. మీటరు పొడవు తరంగానికి ఆ వల రేకుతో సమానమే, గాలి మాత్రం దానిలోనుంచి దూసుకుపోతుంది. బరువూ ఖర్చూ తగ్గాయి. స్వరూప్ బృందపు ఈ మితవ్యయం చూస్తే మన ఇళ్ల గృహిణులు మెచ్చుకొంటారు. 2002 నుంచి ప్రపంచ శాస్త్రజ్ఞులందరికీ ఇది అందుబాటులోకి వచ్చింది. 2017 నాటికి మెరుగులు దిద్దుకొన్నది.

మన అక్షాంశం కూడా ఇక్కడ కలిసివచ్చింది. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో గెలాక్సీ కేంద్రం దిగంతం మీద ఎనిమిది డిగ్రీలకు మించి లేవదు. మనకు 42 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. రోజుకు పదిన్నర గంటలు దిగంతానికి పైన ఉంటుంది. రాయ్, ప్రమేశ్ రావు జీఎంఆర్‌టీతో 600 మెగాహెర్ట్జ్ దరిదాపులలో ఆ కృష్ణబిలపు చుక్కను గుర్తించి 2004లో ప్రకటించారు. అంత తక్కువ పౌనఃపున్యం వద్ద అది కనిపిస్తుందా అన్న సందేహం అంతకుముందు ఉండేది.

చిరునామా చిక్కుకు అన్నిటికంటె మంచి ఉదాహరణ చివరకు ఉంచాను. 2002 సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీలలో వెరీ లార్జ్ అర్రే కేంద్రం వైపు చూస్తుండగా, కేంద్రానికి డిగ్రీంబావు దూరాన ఒక జనకం ఐదుసార్లు మెరిసింది. ఒక్కొక్క మెరుపు పది నిమిషాలు. మెరుపుకూ మెరుపుకూ నడుమ 77 నిమిషాలు. వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ అనే మహిళా కళాశాల అధ్యాపకుడు స్కాట్ హైమన్, ఆయన విద్యార్థినులు, సహచరులు దానిని పట్టుకొని 2005లో ప్రకటించారు. తరువాత వెదకగా, 2003 సెప్టెంబరులో ఒకటి, 2004 మార్చిలో ఒకటి మెరుపులు జీఎంఆర్‌టీ పరిశీలనలలో దొరికాయి. మన ఖోడద్ పళ్లేలు చూడకపోయి ఉంటే అదేదో యంత్రదోషమని కొట్టివేసేవారేమో! దానికి పెట్టిన పేరులోనే గెలాక్సీ కేంద్రం అన్న మాట ఉన్నది. కాని అది కేంద్రంలో ఉన్నదన్న రుజువు లేదు. అక్కడే ఉంటే ఆ మెరుపు వెనుక అసాధారణమైన శక్తి ఉండాలి. మనకు దగ్గరగా ఉంటే ఏదో చిన్న, చల్లని నక్షత్రపు పని కావచ్చు. దూరం తెలియక, ఆ జనకం ఏమిటన్న ప్రశ్న అలాగే నిలిచిపోయింది. పిల్లలూ, ఈ ప్రశ్న మీ కోసం మిగిలి ఉన్నదనుకోండి.

ఈ మధ్య సంగతులు క్లుప్తంగా. దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ దూరదర్శిని 64 పళ్లేలతో సుమారు 200 గంటలు చూసి 2022లో వెలువరించిన పటంలో, కేంద్రం చుట్టూ సన్నని రేడియో దారాలు వెయ్యి వరకు కనిపించాయి. మొదటి దారాలు కనబడినది 1984లో. నేతపని ఎరిగిన పద్మశాలి కుటుంబాలవారు ఆ పటం చూస్తే మగ్గం మీది పడుగు అనుకొంటారు. అదే సంవత్సరం మే నెలలో కృష్ణబిలపు నీడ చిత్రం కూడా వచ్చింది. గోవింద్ స్వరూప్ ఆ రెండూ చూడలేదు. 2020 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు.

చివరిగా ప్రధానోపాధ్యాయులవారికి, పూర్వ విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, ఖోడద్‌లో సందర్శకులకు ప్రవేశం ఇవ్వడం, పాఠశాలల పిల్లలు తయారుచేసిన ప్రయోగాలను ప్రదర్శించడం ఆనవాయితీగా వస్తున్నది. తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లలను ఒక బస్సులో తీసుకుపోవడానికి అయ్యే ఖర్చును సంఘం భరించాలని కోరుతున్నాను. నా వంతు చందా కార్యదర్శిగారి చేతికి ఈ రోజే ఇచ్చి వెళుతున్నాను. తేదీ, అనుమతి వివరాలు ముందుగా వ్రాసి తెలుసుకోవాలి. ఉత్తరం మరాఠీలోనో ఇంగ్లీషులోనో వ్రాయండి. ప్రదర్శనకు పిల్లలు తయారుచేసే పటాల మీద మాత్రం తెలుగులో కూడా వ్రాయించండి.